అరవయ్యో రోజు తూకం

రోగి: పురుషుడు, 38 ఏళ్లు, భవన నిర్మాణ కూలీ. ఎత్తు 163 సెంటీమీటర్లు. మందులు మొదలుపెట్టిన రోజు బరువు 41 కిలోలు. అరవయ్యో రోజు 41.4 కిలోలు. అప్పటికే తెమడలో టీబీ (క్షయ) క్రిములు లేవు. ఆరు నెలల కోర్సులో ఒక్క రోజు మందు కూడా మానలేదు. ఫలితం: నయమైంది.

మా యూనిట్ లెక్కల్లో ఇది మంచి కేసు. జిల్లా సమీక్షలో ఎవరూ వేలెత్తి చూపలేదు, నేను కూడా చూపలేదు. ఇందులో తప్పు ఎక్కడ జరిగిందో అర్థం కావడానికి నాకు ఏడాదిన్నర పట్టింది. ఆ తప్పు మొదటి నుంచీ మా రిజిస్టర్‌లోనే, బరువు రాసే గడిలో, నా చేతిరాతలోనే ఉంది.

నేను డాక్టర్‌ని కాదు. నాగర్‌కర్నూల్ జిల్లాలో ఒక టీబీ యూనిట్‌కు సీనియర్ ట్రీట్‌మెంట్ సూపర్‌వైజర్‌ని. అందరూ ఎస్టీఎస్ అంటారు. దాదాపు రెండు లక్షల జనాభాకు ఒక యూనిట్, ఒక ఎస్టీఎస్, ఒక మోటార్‌సైకిల్. రోగిని ప్రభుత్వ ఆన్‌లైన్ టీబీ రిజిస్టర్ అయిన నిక్షయ్ పోర్టల్‌లో నమోదు చేయడం, మందులు అందుతున్నాయో లేదో చూడటం, మానేసిన వాళ్లను వెతికి పట్టుకోవడం నా పని. ఈ కుటుంబం అనుమతితోనే ఇది రాస్తున్నాను. ఊరి పేరు, మనుషుల పేర్లు, గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

పదకొండు వారాల దగ్గు

2021 వేసవిలో భార్యాభర్తలు గుంపు మేస్త్రీ వెంట పుణె వెళ్లారు. అడ్వాన్సు 40 వేలు. పాలమూరు వైపు పుట్టిన వాళ్లకు ఈ మాట విడమరచి చెప్పనక్కర్లేదు. మిగతా వాళ్ల కోసం: ఆ డబ్బు ఇంట్లో పాత అప్పు తీర్చడానికి ఖర్చైపోతుంది, మనిషి పనిచేసి దాన్ని తీర్చాలి. మధ్యలో జబ్బు చేస్తే అడ్వాన్సు మాఫీ కాదు. పిల్లలిద్దరూ ఊళ్లో నాయనమ్మ దగ్గర ఉన్నారు. పెద్దది ఆడపిల్ల, బాలికల రెసిడెన్షియల్ పాఠశాలలో తొమ్మిదో తరగతి. చిన్నవాడికి ఆరేళ్లు.

అక్టోబర్‌లో దగ్గు మొదలైంది. సిమెంటు దుమ్ము అనుకున్నాడు. రేకుల షెడ్ల పక్కనే ఉండే ఒక ప్రైవేటు వైద్యుడు ఇంజెక్షన్, దగ్గు మందు ఇచ్చాడు. మూడు వారాల తర్వాత ఇంకొకాయన ఎక్స్‌రే తీయించి, న్యుమోనియా అని పది రోజుల యాంటీబయాటిక్ రాశాడు. డిసెంబర్‌లో జ్వరం తగ్గక ఊరికి వచ్చాడు. ఇక్కడ ఆర్ఎంపీ రెండు సెలైన్లు ఎక్కించాడు. తెమడలో రక్తపు చార కనిపించిన రోజు ఆశా కార్యకర్త డబ్బా ఇచ్చి తెమడ తెప్పించింది. ట్రూనాట్ పరీక్షలో టీబీ ఉందని, టీబీకి ముఖ్యమైన మందు రిఫాంపిసిన్ పనిచేస్తుందని తేలింది. దగ్గు మొదలైనప్పటి నుంచి ఈ నిర్ధారణ దాకా పదకొండు వారాలు.

జనానికి అవగాహన లేక ఆలస్యంగా వస్తారని మా శిక్షణ తరగతుల్లో తరచూ చెబుతుంటారు. బెంగళూరులోని జాతీయ క్షయ సంస్థలో పనిచేసిన దేబబర్ బెనర్జీ, స్టిగ్ అండర్సన్ తుమకూరు జిల్లా గ్రామాల్లో చేసిన అధ్యయనం 1963లో వెలువడింది. క్షయ ఉన్న వాళ్లలో అత్యధికులు తమకేదో జబ్బుందని గుర్తించారని, సగం మందికి పైగా అప్పటికే వైద్యం కోసం వెళ్లారని అందులో తేలింది. వెళ్తే చేతిలో దగ్గు మందు సీసా పెట్టి పంపారు. ఇది జరిగి అరవై ఏళ్లు దాటింది. నా రోగి కూడా నాలుగు గడపలు తొక్కాడు. అవగాహన లేనిది అతనికా?

ఇక డబ్బు. నిర్ధారణకు ముందు ఫీజులు, మందులు, ఎక్స్‌రే, పుణె నుంచి రావడానికి బస్సు ఛార్జీలు కలిపి 14,500 రూపాయలు ఖర్చయ్యాయి. రోజుకు 600 కూలి తెచ్చే మనిషి నాలుగు నెలలు మంచంలోనో మంచం పక్కనో ఉన్నాడు. నెలకు 24 పనిరోజులు వేసుకున్నా 57,600 పోయింది. అతనికి తోడుగా ఉన్న భార్య కూలి ఇందులో కలపలేదు. ఆ ఇంటి ఏడాది రాబడి దాదాపు లక్షా ఎనభై వేలు. మా వైపు నుంచి పరీక్షలు ఉచితం, మందులు ఉచితం. నిక్షయ్ పోషణ్ యోజన కింద రోగి తిండి కోసం అప్పట్లో నెలకు 500, ఆరు నెలలకు 3,000. 2018 ఏప్రిల్‌లో మొదలైన ఆ సాయం 2024 నవంబర్ నుంచి నెలకు వెయ్యి అయింది.

2014లో ప్రపంచ ఆరోగ్య మహాసభ టీబీ అంతానికి ఆమోదించిన వ్యూహంలో మూడు పెద్ద లక్ష్యాలు ఉన్నాయి. మరణాలు తగ్గించడం, కొత్త కేసులు తగ్గించడం మన గోడ పోస్టర్లలో కనిపిస్తాయి. మూడోది ఎవరికీ గుర్తుండదు: టీబీ వల్ల ఏ కుటుంబమూ ఆర్థికంగా కుప్పకూలకూడదు. వార్షిక రాబడిలో ఐదో వంతు దాటి ఖర్చో నష్టమో జరిగితే కుప్పకూలినట్టే లెక్క. అలాంటి కుటుంబాలు 2020 నాటికి సున్నాకు చేరాలన్నది గడువు. ఈ ఇంటికి ఐదో వంతు అంటే 36 వేలు. జరిగిన నష్టం 72 వేలు దాటింది. ఇది 2022 సంగతి. మా పోర్టల్‌లో మాత్రలకు గడి ఉంది, తెమడకు ఉంది, బ్యాంకు ఖాతాకు ఉంది. అప్పు రాసుకోవడానికి గడి లేదు.

రెండు నెలలు

మందుల మోతాదు బరువును బట్టి ఉంటుంది. 35 నుంచి 49 కిలోల మధ్య ఉన్నవారికి రోజుకు మూడు మాత్రలు, 50 నుంచి 64 మధ్య ఉంటే నాలుగు. ఇతనికి మూడు. నేను పనిలో చేరిన నాటి నుంచి బరువు తూచడమంటే నాకు అర్థమైంది అంతే: ఎన్ని మాత్రలో తెలియడానికి ఒక అంకె కావాలి.

163 సెంటీమీటర్ల మనిషి 41 కిలోలుంటే బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే అంకె) 15.4. 16 కంటే తక్కువైతే తీవ్రమైన పోషకాహార లోపం. కనీస ఆరోగ్య స్థాయి అయిన 18.5కు చేరాలంటే అతను 49 కిలోలు ఉండాలి. ఈ లెక్క కట్టడానికి ఫోనులో అర నిమిషం చాలు. నేను కట్టలేదు. "బాగా తినండి, గుడ్లు, పాలు తీసుకోండి" అని అందరికీ చెప్పినట్టే చెప్పాను. నాయనమ్మ తల ఊపింది. ఆ ఇంట్లో ఆ వారం పాలు టీకి మాత్రమే వచ్చాయని తర్వాత తెలిసింది.

ఇంట్లో మిగతా వాళ్లనూ అడిగాను. దగ్గుందా, జ్వరముందా, బరువు తగ్గారా? లేదు, లేదు, లేదు. బరువు తగ్గారా అని అడగడమే తప్ప ఎవరినీ తూచలేదు. ఎక్స్‌రే యంత్రం 40 కిలోమీటర్ల దూరంలో ఉంది, లక్షణాలు లేని వాళ్లను అంత దూరం పంపలేదు. అప్పటికి మా దగ్గర ముందుజాగ్రత్త మందు ఐదేళ్ల లోపు పిల్లలకే ఇస్తున్నాం. చిన్నవాడికి ఆరేళ్లు. ఒక్క ఏడాది తేడాతో వాడు జాబితాలోకి రాలేదు.

అరవయ్యో రోజు తెమడ శుభ్రంగా వచ్చింది. బరువు 41.4 అని రాసి, పక్కన టిక్కు పెట్టి, తర్వాతి ఊరికి వెళ్లిపోయాను.

మద్రాసు నేర్పిన పాఠం, మనం నేర్చుకున్న పాఠం

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి. నేను బరువును పట్టించుకోకపోవడం నా ఒక్కడి నిర్లక్ష్యమే అయితే ఈ కేసు రాయాల్సిన పని లేదు.

మందులు రాకముందు క్షయకు వైద్యమంటే శానిటోరియమే. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం మన వాళ్లందరికీ తెలిసిన పేరు. మంచి గాలి, విశ్రాంతి, కడుపునిండా తిండి. పడకలు వందల్లో, రోగులు లక్షల్లో. 1950లలో మందులు చేతికొచ్చాక పెద్ద ప్రశ్న ఎదురైంది. ఇరుకు ఇంట్లో, పేద తిండి తింటూ మందులు వేసుకుంటే పనిచేస్తాయా? దానికి జవాబు కోసం 1956లో మద్రాసులో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం పెట్టారు. భారత వైద్య పరిశోధన మండలి, బ్రిటన్ వైద్య పరిశోధన మండలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ, మద్రాసు ప్రభుత్వం కలిసి నడిపాయి. నగరంలోని పేద రోగుల్లో కొందరిని శానిటోరియంలో ఉంచారు, కొందరికి ఇంటి దగ్గరే అవే మందులు ఇచ్చారు. 1959లో ఫలితాలు వచ్చాయి. శానిటోరియంలో ఉన్నవాళ్లు బాగా తిన్నారు, విశ్రాంతి తీసుకున్నారు, ఎక్కువ బరువు పెరిగారు. ఇంటి దగ్గర ఉన్నవాళ్లకు అవేవీ లేవు. అయినా జబ్బు నయం కావడంలో ఇద్దరి మధ్యా పెద్ద తేడా లేదు. ఇంట్లో ఉంచి వైద్యం చేయడం వల్ల కుటుంబ సభ్యులకు అదనంగా పెద్ద ముప్పు రాలేదని కూడా తేలింది.

ఇది ప్రపంచాన్ని మార్చిన పరిశోధన. పడక దొరికే వరకు చావు కోసం ఎదురుచూసే అవసరం పోయింది. ఇవాళ నేను మోటార్‌సైకిల్ మీద ఇంటింటికీ మాత్రలు చేర్చగలుగుతున్నానంటే దానికి పునాది మద్రాసు. నేను దాన్ని తప్పుపట్టడం లేదు.

కానీ మద్రాసులో అడిగింది ఒక ప్రశ్న, మనం రాసుకున్న జవాబు ఇంకో ప్రశ్నకు. తిండి సరిగా లేకపోయినా మందు క్రిమిని చంపుతుందా అని వాళ్లు అడిగారు. చంపుతుంది. తిండి లేని ఇంట్లో తర్వాత ఎవరు జబ్బు పడతారు, నయమైన మనిషి ఎన్నాళ్లు బతుకుతాడు అన్నవి వేరే ప్రశ్నలు. కాలం గడిచేకొద్దీ అన్నీ కలిసిపోయి, "టీబీకి మందు చాలు, తిండి అదనం" అనే ఒక్క వాక్యం మిగిలింది. తరాల తరబడి కార్యక్రమాలు ఆ వాక్యం మీదే నడిచాయి. తిండి సంగతి ఆరోగ్య శాఖది కాదని, పౌరసరఫరాలదని, అంగన్‌వాడీలదని పంచుకున్నారు. నేను ఆ పంపకంలోకే ఉద్యోగానికి వచ్చాను.

ఇంగ్లండ్‌లో క్షయ మరణాలు మందులు రావడానికి చాలా ముందే, పంతొమ్మిదో శతాబ్దం నుంచే తగ్గుతూ వచ్చాయి. అక్కడే పాప్‌వర్త్ అనే చోట క్షయ రోగుల కుటుంబాలకు ఇళ్లు, పని, సరైన తిండి ఇచ్చి ఒక గ్రామం నడిపారు. తల్లిదండ్రులకు జబ్బు ఉన్నా, అక్కడ పుట్టి పెరిగిన పిల్లలు క్షయ జబ్బు పడకుండా పెరిగారని రికార్డులు చెబుతున్నాయి. నా శిక్షణలో ఈ రెండు ముక్కలూ ఎవరూ చెప్పలేదు.

రెండో రోగి

2022 జూలైలో అతని కోర్సు పూర్తయింది. అభినందనలు చెప్పడానికి వెళ్లినప్పుడు కూతురు గడప దగ్గర కూర్చుని ఉంది. బడి ఉండాల్సిన రోజు. ఎందుకున్నావమ్మా అంటే తల వంచుకుంది. తల్లి చెప్పింది: "సంక్రాంతి సెలవులకు వచ్చింది అన్నా, మళ్లీ పోలేదు. నేను కూలికి పోతే వాళ్ల నాన్నకు ఎవరు వండాలి?"

పదిహేనేళ్ల పిల్ల. నా బ్యాగులో కాటా ఉంది. ఎందుకో ఆ రోజు ఎక్కించాను. 31 కిలోలు. నెల నుంచి సాయంత్రం జ్వరం వస్తోందట. దగ్గు తక్కువే. తెమడ తెప్పిస్తే పాజిటివ్ వచ్చింది.

తర్వాత నాలుగైదు సార్లు వెళ్లి, గట్టు మీద కూర్చుని, మెల్లగా అడిగి తెలుసుకున్నవి ఇవి. హాస్టల్‌లో మూడు పూటలా తిండి, వారానికి గుడ్లు ఉండేవి. ఇంటికి వచ్చాక రెండు పూటలు. నాన్నకు జబ్బు కనుక పప్పు ఆయనకు, తమ్ముడు చిన్నవాడు కనుక గుడ్డు వాడికి, అమ్మ కూలికి పోవాలి కనుక పొద్దున రొట్టెలు ఆమెకు. వండిన పిల్ల చివర తింటుంది. మిగిలింది అన్నం, పచ్చిపులుసు. ఎవరూ ఆమెకు పెట్టవద్దని అనుకోలేదు. ఉన్నదాన్ని న్యాయంగానే పంచారు, ఉన్నదే తక్కువ.

రేషన్ కార్డులో చిన్నవాడి పేరు ఎక్కలేదు. నలుగురి బియ్యం ఐదుగురు తిన్నారు. పోషణ డబ్బు ఆధార్ జతకాని ఖాతా వల్ల మూడు నెలలు ఆగి ఒకేసారి పడింది. పడిన రోజే ఆర్ఎంపీ బాకీకి పోయింది. నేను "గుడ్లు, పాలు" అని చెప్పిన ఇల్లు అది.

ఆ పిల్లకు తండ్రి నుంచే జబ్బు సోకిందా, హాస్టల్‌లోనా అన్నది నిరూపించలేను. క్రిమి ఒంట్లోకి రావడం ఒక సంగతి, జబ్బుగా మారడం ఇంకో సంగతి. చాలామందిలో క్రిమి ఏళ్ల తరబడి నిద్రపోతుంది. దాన్ని లేపేవాటిలో ఆకలి ఒకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2023లో కోటీ 8 లక్షల మంది టీబీ బారిన పడ్డారు, వారిలో 26 శాతం భారతదేశంలోనే. పోషకాహార లోపం వల్ల వచ్చిన కేసులు దాదాపు 9.6 లక్షలు. హెచ్ఐవీ వల్ల వచ్చిన వాటికన్నా, మధుమేహం వల్ల వచ్చిన వాటికన్నా ఇవి ఎక్కువ. హెచ్ఐవీ పరీక్ష ప్రతి రోగికీ చేయిస్తాను. షుగర్ పరీక్ష కూడా. ఆకలికి పరీక్ష కాటానే, అది నా బ్యాగులోనే ఉంది.

జార్ఖండ్ నుంచి ఒక అంకె

2023 ఆగస్టులో మా మెడికల్ ఆఫీసర్ ఫోనులో ఒక పరిశోధన వివరాలు పంపారు. డాక్టర్ అనురాగ్ భార్గవ, డాక్టర్ మాధవి భార్గవ బృందం జార్ఖండ్‌లోని నాలుగు జిల్లాల్లో 2019 నుంచి 2022 వరకు చేసిన అధ్యయనం, పేరు రేషన్స్. 2,800 మంది రోగులు, వాళ్ల ఇళ్లలోని 10,345 మంది కుటుంబ సభ్యులు. రోగులందరికీ నెలకు పది కిలోల తిండి బుట్ట: బియ్యం, వేయించిన శనగపిండి, పాలపొడి, నూనె. ఇళ్లను రెండు భాగాలు చేసి, ఒక భాగంలో కుటుంబ సభ్యులకు కూడా తలకు నెలకు ఐదు కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. రెండో భాగంలో రోగికి మాత్రమే.

కుటుంబమంతటికీ తిండి ఇచ్చిన ఇళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. పరీక్షలో క్రిమి కనిపించి నిర్ధారణ అయిన ఊపిరితిత్తుల టీబీ వరకు చూస్తే 48 శాతం. టీకా కాదు, కొత్త మందు కాదు. బియ్యం, పప్పు.

నన్ను కూర్చోబెట్టింది మాత్రం రోగుల గురించిన అంకె. మొదటి రెండు నెలల్లో బరువు 5 శాతం పెరిగిన వాళ్లలో చనిపోయే ముప్పు 61 శాతం తక్కువగా ఉంది. 41 కిలోలకు 5 శాతం అంటే రెండు కిలోల చిల్లర. అరవయ్యో రోజుకు అతను 43 దాటాలి. పాత రిజిస్టర్ తీసి చూశాను. 41.4, పక్కన నా టిక్కు.

అతను బతికాడు, నిజమే. కానీ ఆ రోజు ఆ అంకెను చదవడం వచ్చి ఉంటే, "ఎందుకు పెరగలేదు?" అని అడిగేవాడిని. అడిగి ఉంటే వంటింటి దాకా వెళ్లేవాడిని. వెళ్లి ఉంటే మార్చిలోనే, బడికి పోకుండా ఇంట్లో ఉన్న పిల్ల కనిపించేది.

మార్చినవి, పొసగనివి

మెడికల్ ఆఫీసర్, నేను, ఇద్దరు ఆశా కార్యకర్తలు కూర్చుని మాట్లాడుకున్నాం. పై నుంచి ఉత్తర్వు కోసం ఆగలేదు. అడిగితే ఇంకో ఫారం వస్తుందని భయం కూడా ఉంది.

మొదటి రోజే ఇంట్లో ఉన్న అందరినీ తూచడం మొదలుపెట్టాం. రోగి కార్డు వెనక ఖాళీలో పెన్నుతో గీతలు గీసి అందరి బరువులూ రాస్తున్నాం. అరవయ్యో రోజుకు రోగి 5 శాతం పెరగకపోతే వారంలోగా ఇంటికి వెళ్లాలి. వెళ్లి ఏం తింటున్నారని అడగకూడదు. అలా అడిగితే గుడ్లు, పాలు అనే చెబుతారు, మనం నేర్పిన పాఠమే కదా. నిన్న రాత్రి ఏం వండారు, ఎవరు ముందు తిన్నారు, ఎవరు చివర తిన్నారు అని అడగాలి. ఆశా కార్యకర్త అడిగితే ఆడవాళ్లు చెబుతారు. నేను అడిగితే మగవాళ్లు జవాబిస్తారు, అది వేరే జవాబు.

తిండి కోసం నిక్షయ్ మిత్రలను పట్టుకున్నాం. 2022 సెప్టెంబర్‌లో వచ్చిన ఈ పద్ధతిలో దాతలు రోగులను దత్తత తీసుకుని నెలనెలా బుట్ట ఇస్తారు. మా దగ్గర ఒక రైసు మిల్లు యజమాని, కొందరు ఉపాధ్యాయులు ముందుకొచ్చారు. బుట్టలో కందిపప్పు, పల్లీలు, నూనె, గుడ్లు పెట్టించాం. జార్ఖండ్‌కు వేయించిన శనగపిండి ఎలాగో మాకు పల్లీ అలాగ.

ఇందులో రెండు చోట్ల దెబ్బతిన్నాం. మొదటి పంపిణీకి బ్యానర్ కట్టి, రోగులను వరుసగా నిలబెట్టి ఫొటో తీశారు. ఆ ఫొటో ఊరి వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. పెళ్లి సంబంధం మాట్లాడుకుంటున్న ఒక అమ్మాయి తల్లి తర్వాతి నెల బుట్ట తీసుకోనంది. ఆమెను ఒప్పించలేకపోయాను, ఆమె చెప్పిందే సరైనది. అప్పటి నుంచి బుట్ట రేషన్ షాపు నుంచే, మిగతా సరుకుల్లో కలిపి వెళ్తోంది. ఫొటో కావాలన్న ఒకరిద్దరు దాతలు తప్పుకున్నారు. రెండో దెబ్బ, దాతల ఉత్సాహం మూడు నెలలు. కోర్సు ఆరు నెలలు. నాలుగో నెల బుట్ట కోసం నేను తిరిగిన తిరుగుడు మాత్రలు మానేసిన వాళ్ల కోసం కూడా తిరగలేదు. హక్కుగా రావాల్సింది దయగా వస్తే దానికి క్యాలెండర్ ఉండదు.

బుట్ట ఇస్తే ఇల్లంతా తినేస్తుంది, రోగికి అందదు అని ఒక సమావేశంలో ఒకరన్నారు. తినాలనే కదా ఇస్తున్నది. జార్ఖండ్ ఇళ్లలో తగ్గిన 39 శాతం ఆ తిన్నవాళ్లదే.

తూకం అన్నింటికీ జవాబు అని చెప్పడం లేదు. 2024లో ఇంకో రోగి, 52 ఏళ్ల ఆసామి, రెండెకరాల పొలం, ఇంట్లో పాడి ఉంది. అరవై రోజులకు బరువు పెరగకపోగా కిలో తగ్గాడు. వంటింటి లెక్క బాగానే ఉంది. షుగర్ చూపిస్తే 380. మొదట్లో చేయాల్సిన షుగర్ పరీక్ష స్ట్రిప్పులు లేవని వాయిదా పడి, ఆ వాయిదాను అందరం మర్చిపోయాం. కాటా ఎందుకో చెప్పదు, వెళ్లి చూడమని మాత్రం చెబుతుంది.

పిల్ల బడి సంగతి మాత్రలకన్నా ఎక్కువ రోజులు పట్టింది. మందులు మొదలుపెట్టి కొన్ని వారాలయ్యాక, తెమడ పరీక్ష నెగెటివ్ వచ్చాక, ఇతరులకు అంటుకునే ముప్పు లేదని డాక్టర్ కాగితం రాసిచ్చారు. హాస్టల్ వాళ్లు ఆ కాగితం చదివి కూడా కోర్సు అయ్యాక చూద్దాం అన్నారు. మూడు సార్లు వెళ్లాం. నాలుగోసారి మెడికల్ ఆఫీసర్ స్వయంగా వచ్చి, స్టాఫ్ గదిలో కూర్చుని, వాళ్ల టీ తాగి, అందరి ముందూ ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి మాట్లాడారు. దసరా సెలవుల తర్వాత చేర్చుకున్నారు. నా అనుభవంలో ఆ చెయ్యి చేసిన పని కరపత్రాలు చేయలేదు. హాస్టల్ తిండితో కోర్సు పూర్తయ్యేసరికి ఆమె 37 కిలోలకు వచ్చింది.

పై నుంచి చూస్తే

2018 సెప్టెంబర్‌లో ఐక్యరాజ్యసమితిలో దేశాధినేతలు టీబీ కోసం ప్రత్యేకంగా సమావేశమయ్యారు, 2023 సెప్టెంబర్‌లో మళ్లీ కూర్చున్నారు. మన దేశం ప్రపంచ గడువు 2030 కన్నా ఐదేళ్లు ముందే, 2025కే టీబీ అంతం అంది. 2015లో లక్ష జనాభాకు 237గా ఉన్న కొత్త కేసులు 2023 నాటికి 195కు తగ్గాయి. ప్రపంచ సగటు తగ్గుదల కన్నా ఇది రెట్టింపు వేగం. దీన్ని తక్కువ చేయను, ఆ తగ్గుదలలో మా మోటార్‌సైకిళ్ల పెట్రోలు కూడా ఉంది. కానీ అంతం అనే మాటకూ 195కూ మధ్య ఉన్న దూరం మాత్రలతోనే పూడుతుందని నాకిప్పుడు నమ్మకం లేదు.

ఆరోగ్యంలో అసమానత ఆసుపత్రిలో పుట్టదని, జనం పుట్టే, పెరిగే, పనిచేసే పరిస్థితుల్లో పుడుతుందని మైకేల్ మార్మట్ నేతృత్వంలోని ప్రపంచ ఆరోగ్య సంస్థ కమిషన్ 2008లోనే చెప్పింది. నాలాంటి వాడికి అది చాలా పెద్ద మాట. పుణె రేకుల షెడ్డును నేను మార్చలేను, గుంపు మేస్త్రీ అడ్వాన్సును రద్దు చేయలేను. కాబట్టి చిన్నదాన్ని పట్టుకున్నాను. నిక్షయ్‌లో అరవయ్యో రోజు బరువు పెరగకపోతే ఆ వరుస ఎర్రగా కనిపించాలి, మందు మానేసినప్పుడు మేము పరిగెత్తినట్టే అప్పుడూ పరిగెత్తాలి. జిల్లా సమీక్షలో ఈ మాట రెండు సార్లు అన్నాను. రెండోసారి నవ్వలేదు, రాసుకున్నారు.

కుటుంబం ఇప్పుడు

తండ్రి 47 కిలోలు. 49 ఇంకా దాటలేదు. అడ్వాన్సు తీరలేదు కనుక 2023లోనే మళ్లీ పుణె వెళ్లారు. ఇప్పుడు రేషన్ ఏ రాష్ట్రంలోనైనా తీసుకోవచ్చని చెప్పి, కార్డు నంబరు ఫోనులో రాసిపెట్టి పంపాను. మొదటి నెల అక్కడి డీలర్ వేలిముద్ర పడలేదన్నాడు. రెండో నెల నుంచి భార్యాభర్తల వాటా బియ్యం అక్కడే తీసుకుంటున్నారు, మిగతాది ఊళ్లో నాయనమ్మ తెస్తోంది. చిన్నవాడి పేరు కార్డులో ఎక్కడానికి 2025 దాకా పట్టింది.

అమ్మాయి ఇంటర్ పూర్తిచేసి నర్సింగ్‌లో చేరతానంటోంది. నన్ను చూస్తే కాటా తెచ్చావా బాబాయ్ అని నవ్వుతుంది.

చిన్నవాడికి పదేళ్లు. పోయిన దసరాకు తూస్తే 21 కిలోలు. ఆ వయసుకు తక్కువ. బడిలో మధ్యాహ్న భోజనం తింటున్నాడు, దగ్గు లేదు, జ్వరం లేదు, ఎక్స్‌రే శుభ్రం. నిబంధన ప్రకారం ఆ ఇంటితో మా పని ఎప్పుడో అయిపోయింది. అయినా వాడి పేరుతో కార్డు వెనక ఒక గీత గీసి ఉంచాను. తల్లిదండ్రులు సంక్రాంతికి వస్తామన్నారు. కాటాలో బ్యాటరీ మార్చి పెట్టుకున్నాను.